మూడు భాషల కూడలిలో చదువు

పన్నెండో తరగతికి వచ్చేసరికి మన విద్యార్థుల నోట వినిపించే పేర్లు దాదాపు ఒకటే. ఢిల్లీ, హైదరాబాద్, బెంగళూరు, లేకపోతే ఏదో ఒక ఐఐటీ. అందులో తప్పేమీ లేదు. కానీ దూరపు కొండలు నునుపు అన్నట్టు, పెద్ద పేరున్న చోటే గొప్ప చదువు ఉంటుందనుకుని చిన్న విశ్వవిద్యాలయాల వైపు కన్నెత్తి చూడకపోవడం నాకు నచ్చదు. అలాంటి ఒకదాని గురించి, బదిలీ ఉద్యోగుల పిల్లలైన మీకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. అది చిత్తూరు జిల్లా కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం.

కుప్పం ఆంధ్రప్రదేశ్‌కు ఒక కొసన ఉంది. ఒక పక్క కర్ణాటకలోని కోలారు జిల్లా, మరో పక్క తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి. దక్షిణాది భాషలను ఒకే చోట కలిపి చదవాలన్న ఉద్దేశంతో 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పొరుగు రాష్ట్రాల తోడ్పాటుతో, ఈ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. ఆవరణ మాత్రం చిన్నది కాదు, సుమారు వెయ్యి ఎకరాలు. తెలుగు, తమిళ, కన్నడ శాఖలతో పాటు భాషాశాస్త్రం, అనువాదం, జానపద గిరిజన విజ్ఞానం, చరిత్ర, పురావస్తుశాస్త్రం అక్కడి ప్రధాన విషయాలు. కంప్యూటర్ సైన్స్, బయోటెక్నాలజీ వంటివి తరువాత చేరాయి.

ఇది మీకే ఎందుకు చెబుతున్నాను? మీలో చాలామంది ఇప్పటికే మూడు నాలుగు రాష్ట్రాలు చూశారు. ఒక ఊళ్లో కన్నడం కాస్త పట్టుబడేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. కొత్త ఊళ్లో ఇంకో భాష. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు పేపరు చదవలేరు. “పాపం, ఈ పిల్లలకు ఏ భాషా సరిగ్గా రాదు” అని బంధువులు జాలిపడతారు. నేనూ బదిలీల మీద తిరిగే టీచర్‌నే కాబట్టి ఆ మాట ప్రతి పోస్టింగులోనూ విన్నాను. అది అన్యాయమైన మాట. మీకు వచ్చినవి అరకొర భాషలే కావచ్చు. కానీ వాటిని పక్కపక్కన పెట్టి పోల్చగల చెవి మీకుంది. పుట్టిన ఊళ్లోనే పెరిగినవారికి అది అంత తేలిగ్గా రాదు.

ఒక ఉదాహరణ చూడండి. మన పులి కన్నడంలో హులి. మన పాలు హాలు, మన పాము హావు. అంటే మాట మొదట మనకు ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వస్తోంది. పాత కన్నడంలో అదీ పులియే. మరికొన్ని మాటల్లో మారింది మనమే. కన్నడ కివి మనకు చెవి, కన్నడ కెరె మనకు చెరువు. ఇ, ఎ వంటి అచ్చుల ముందు ‘క’ కాస్తా తెలుగులో ‘చ’ అయింది. బెంగళూరులో రెండేళ్లు ఉన్నవారికి ఈ మాటలు ముందే తెలుసు. వాటి వెనక ఒక సూత్రం ఉందని చూపించేదే తులనాత్మక భాషాశాస్త్రం.

ఈ చదువుకు దారి వేసింది కూడా ఉద్యోగుల కోసం పెట్టిన ఒక చిన్న కాలేజీయే. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ మొదలైంది. ఈస్టిండియా కంపెనీ కొలువుకు ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడం దాని పని. తెలుగు, తమిళ పండితులు అక్కడ కలిసి పనిచేశారు. మద్రాసు కలెక్టరు ఎల్లిస్, పట్టాభిరామశాస్త్రి వంటి పండితుల సాయంతో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో కలిసి ఒకే కుటుంబమనీ 1816లో నిరూపించాడు. కాల్డ్వెల్ ప్రసిద్ధ వ్యాకరణం వచ్చింది ఆ తరువాత నలభై ఏళ్లకు, 1856లో.

భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం చదివే విద్యార్థి పని తరగతి గదిలో ముగియదు. ఊళ్లకు వెళ్లాలి. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాటలు, కథలు, సామెతలు, పనిముట్ల పేర్లు రికార్డు చేయాలి. విన్నది విన్నట్టు రాయాలి. ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో, ఏ రోజున చెప్పారో నమోదు చేయాలి. గోండి, కోలామి, కువి వంటి భాషలు నిలవాలంటే ఇలాంటి పని చేసేవారు కావాలి. చిన్న విశ్వవిద్యాలయంలో మరో మేలుంది. తరగతిలో కొద్దిమందే ఉంటే మీరు తెచ్చిన రికార్డింగును అధ్యాపకుడు మీతో కూర్చుని వింటారు. ఒక మాట దగ్గర అనుమానం వస్తే, మెస్సులో పక్కన భోంచేస్తున్న తమిళ విద్యార్థిని అడిగి తెలుసుకోవచ్చు.

మరి ఉద్యోగం మాటేమిటని అమ్మానాన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. భాష చదివిన ప్రతివారికీ వెంటనే ఉద్యోగం దొరుకుతుందని నేను చెప్పను. కానీ భాషల పని పెరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ భారతీయ భాషల మధ్య యంత్రానువాదం కోసమే. యంత్రం చేసిన అనువాదంలో తప్పు పట్టాలంటే రెండు భాషలూ తెలిసిన మనిషి ఉండాలి. నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, సినిమా సబ్‌టైటిళ్లు, మైసూరులో 1969 నుంచి ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థ వంటివి, అన్నీ ఇలాంటివారితోనే నడుస్తాయి. ఎవరూ చేరకపోతే భాషా శాఖలు ఒక్కొక్కటిగా మూతపడతాయి. అప్పుడు చదవాలనుకున్నవారికీ చోటుండదు.

అందరూ కుప్పం వెళ్లండని నా ఉద్దేశం కాదు. ఇంజనీరింగ్‌లోనో వైద్యంలోనో చేరేవారు చేరండి. కానీ ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసి గళ్లు గీయండి. నీళ్లు, కన్ను, మూడు, పులి, పాలు వంటి యాభై మాటలు రాసుకుని, మీరున్న ఒక్కో ఊరి భాషలో వాటిని ఏమంటారో పక్కన నింపండి. అమ్మకో నాన్నకో మళ్లీ బదిలీ అయితే సామానుతో పాటు దాన్నీ సర్దుకోండి. మొదటి గడి తెలుగుది. అది నింపడానికి అక్షరాలు రాకపోతే, ముందు అవి నేర్చుకోండి.