ఒంటరి శీతకాల ప్రయాణానికి పాత వ్యాను: మొదట చూడవలసింది గాలి

కార్తీకం వెళ్లి మార్గశిరం ప్రవేశించిన వారంలో ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. సారంగాపూర్ దగ్గరి పల్లె ఆయనది. నిర్మల్ జిల్లాలోనూ ఒక సారంగాపూర్ ఉంది కనుక, మాది జగిత్యాల వైపు సారంగాపూర్ అని పాఠకులకు మనవి. వయస్సు అరవై మూడు. ఈ ప్రాంతపు వేలాది మందిలాగే ఆయనా గల్ఫ్‌కు వెళ్లారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడ డ్రైవరుగా పనిచేశారు. చలికాలం రాగానే అక్కడి యజమానులు ఎడారిలో విడిది చేసేవారట. వాళ్ల కారవాన్‌లను లాక్కెళ్లి ఇసుకలో నిలబెట్టి, తాను మాత్రం బయట గుడారంలో పడుకునేవారు. భార్య పోయి రెండేళ్లయింది. కొడుకులిద్దరూ ఇప్పుడు అదే ఎడారి దేశాల్లో ఉన్నారు.

"సార్, ఒక పాత వ్యాను కొందామనుకుంటున్న. చిన్నది. అండ్లనే పండుకోవాలె, ఒక్కణ్నే తిరిగి రావాలె. పిల్లలు వద్దంటున్నరు. మీరేమంటరు?"

పిల్లలు అప్పటికే నాకు ఫోను చేసి ఉన్నారు. ఈ వయస్సులో, చలిలో, ఒంటరిగా వద్దని నా నోటితో చెప్పించాలని వారి కోరిక. నేను చెప్పలేదు. భార్య పోయిన మగవాడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని రెండు మూడేళ్లలో ఎలా కుంగిపోతాడో నా వైద్యవృత్తిలో చాలాసార్లు చూశాను. ఆ జబ్బుకు నేను రాసిన మందుచీటీలు పెద్దగా పనిచేయలేదు. బీర్‌పూర్ నరసింహస్వామిని చూసుకుని, ధర్మపురిలో ఒక రాత్రి ఆగి, రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరుల మీదుగా పుష్య అమావాస్య నాటికి కేస్లాపూర్ నాగోబా జాతరకు చేరాలని ఆయన వేసుకున్న దారి వింటుంటే, నిజం చెప్పవద్దూ, నాకూ వెళ్లాలనిపించింది.

అయితే అనుమతికి ముందు పరీక్షలు జరగాలన్నాను. రక్తపోటు, చక్కెర, ఈసీజీ చూశాము. కుడికంటిలో శుక్లం మొదలైంది. కనుక చీకటి పడ్డాక బండి నడపరాదని షరతు పెట్టాను. మనిషి సంగతి అంతటితో తేలింది. బండి సంగతే తేలడానికి ఎక్కువ రోజులు పట్టింది.

కరీంనగర్‌లో మూడు బండ్లు చూశాము. మొదటిది పెద్ద వ్యానును ఎవరో ముచ్చటపడి ఇల్లుగా మార్చినది. చెక్క అరలు, గ్యాస్ పొయ్యి, రంగుల దీపాలు, మెత్తని పరుపు ఉన్నాయి. కిటికీలు మాత్రం తెరుచుకోవు. వాటి మీదుగా ప్లైవుడ్ కొట్టేశారు. ఏసీ నడవడానికి వెనుక భాగాన ఒక చిన్న జనరేటరు పెట్టారు. ఆయనకు అది చాలా నచ్చింది. నాకు మాత్రం అది చక్రాల మీద నడిచే శవపేటిక లాగా కనబడింది. మాట కటువుగా ఉంటే క్షమించాలి, కాని కారణం ఉంది.

2024 డిసెంబరులో కేరళలోని వటకర వద్ద రోడ్డు పక్కన నిలిపి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఒంటి మీద దెబ్బ లేదు, పెనుగులాట లేదు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. అంతకు ముందు 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళకే చెందిన ఎనిమిది మంది యాత్రికులు, వారిలో పసిపిల్లలు కూడా, చలికి తలుపులు బిగించుకుని గ్యాస్ హీటరు వేసుకుని పడుకున్నారు, తెల్లవారి లేవలేదు. మన పల్లెల్లో బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపు మూసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు అన్న తేడా లేకుండా, మూసిన చోట మంట ఉన్నదంటే ప్రమాదం ఒక్కటే.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, ముక్కుకు మంట కలగదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీనిని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం వస్తాయి. మేల్కొని ఉన్న మనిషి దానిని ప్రయాణపు అలసట అనుకుంటాడు. నిద్రలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. ఇద్దరు పడుకుంటే ఒకరికి మెలకువ వచ్చి రెండోవారిని బయటికి లాగే అవకాశం కొంతైనా ఉంటుంది. ఒంటరివాడికి ఆ కొంచెమూ లేదు. మరొక సంగతి: కోవిడ్ తరువాత చాలా ఇళ్లలో వేలికి తొడిగే ఆక్సీమీటర్లు ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అవి ఆక్సిజన్ నిండిన రక్తంగానే చూపుతాయి. లోపల మనిషి మునిగిపోతుంటే తెర మీద తొంభై ఎనిమిది కనిపించవచ్చు. దానిని చూసి ధైర్యపడకండి. తల నొప్పిగా ఉంటే ముందు తలుపు తీసి బయటపడండి, తరువాత ఆసుపత్రికి వెళ్లి ఆక్సిజన్ పెట్టించుకోండి. మామూలు గాలి పీలిస్తే ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ మీద గంటా గంటన్నరలో తగ్గుతుంది.

అందుచేత నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతున్నాను. ఒంటరిగా పడుకోవడానికి పాత బండి కొనేవారు మైలేజీ, పరుపు, రంగు చూసేముందు కిటికీలు తెరుచుకుంటాయా అని చూడాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు నాలుగు వేళ్ల సందున తెరిచి, దోమతెర బిగించి పడుకోవడానికి వీలు లేని బండి ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక. కిటికీ సందు తెరిచాము కదా అని లోపల కుంపటి పెట్టినా, ఇంజిను నడుపుతూ ఏసీ వేసుకుని నిద్రపోయినా ఆ సందు రక్షించదు. అది మన ఊపిరికి మాత్రమే చాలుతుంది. దోమల చక్రం కూడా బండిలో వెలిగించవద్దు.

రెండో బండి ఒక పాత అంబులెన్సు. లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన నన్ను నలభై ఏళ్లు వెనక్కి తీసుకువెళ్లింది. స్ట్రెచరు ఎత్తు, పక్కన కూర్చునే బల్ల, గోడకు సెలైను కొక్కెం, అన్నీ చేతికి తెలిసినవే. ఒక్క మనిషి పడుకునేందుకు అంబులెన్సు కంటే సరిగ్గా కుదిరే కొలత ఉండదని నాకు ఆశ కలిగింది. ధర కూడా తక్కువే. కాని ఉదయం ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్టు చేయించి, నేను వెనుక తలుపు మూసుకుని లోపల కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో పొగ వాసన తగిలింది. పొగగొట్టం మధ్య అతుకు వద్ద మసి పట్టి ఉంది. వెనుక తలుపు రబ్బరు ఎండి పగిలింది. నేల రేకుకు, పాత సిలిండరు బిగించిన చోట, వేలు పట్టేంత రంధ్రాలు రెండున్నాయి. వాసన తెలియడం మన అదృష్టం. అది పొగలోని మిగతా పదార్థాల వాసన. అసలు విషానికి వాసన లేదని ముందే చెప్పుకున్నాము.

బండి కొనేవారంతా ఈ పరీక్ష చేయాలి. మెకానిక్‌కు చూపించడం తప్పనిసరి, కాని అతడు ఇంజిను, గేరుబాక్సు, బ్రేకులు చూస్తాడు. మీరు నిద్రపోయే చోటును చూడడు. పగలు బండిలోకి దూరి తలుపులు మూసి, బయటి నుంచి ఎవరినైనా కింద టార్చి వేయమనండి. లోపల వెలుతురు కనిపించిన ప్రతి చోటి నుంచీ పొగ వస్తుంది. చిన్న వ్యాన్లలో ఓమ్ని, ఈకో వంటి వాటికి ఇంజిను ముందు సీట్ల కిందనే ఉంటుంది కనుక సీటు ఎత్తి అక్కడి మూత, దాని అంచు రబ్బరు చూడండి. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది. మంచి స్థితిలో ఉన్నది దొరకడం రానురాను కష్టమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తుకు దగ్గరగా పెట్టండి. పొగ అలారం వేరు, ఇది వేరు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, నేల మీద పేరుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు, గాలిలో అంతటా కలిసిపోతుంది. వంట సంగతికి వస్తే, పొయ్యి బండి బయటే వెలగాలి.

హీటరు లేకుండా చలి ఎలా తట్టుకోవాలని ఆయన అడిగారు. మన చలి హిమాలయాల చలి కాదు. ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి గ్రామాల్లో పుష్యమాసపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు పడిపోయే మాట నిజమే. దానికి రెండు మంచి రగ్గులు, తలకు ఉన్ని టోపీ, పొడి మేజోళ్లు, ఒంటి కింద మందమైన పరుపు చాలు. చలి పైనుంచి కంటే కిందినుంచి ఎక్కువ లాగుతుంది. నాగోబా జాతరకు మెస్రం వంశీయులు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తిన మడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన మోసుకొస్తారు. కేస్లాపూర్ చేరి మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. వారికి హీటరు లేదు, మూసిన గదీ లేదు. రాత్రంతా మన ఊపిరి నుంచి, ఒంటి నుంచి వెలువడే తేమ దాదాపు గ్లాసెడు ఉంటుంది. కిటికీలు బిగిస్తే అదంతా రేకు మీద చెమటై పరుపులోకి దిగుతుంది. తెరిచిన సందు ఇందుకూ అవసరమే.

ఇక చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. చలికి చర్మపు రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రం ఎక్కువగా తయారవుతుంది. అరవై దాటిన మగవాడికి ప్రోస్టేట్ వాపు కూడా ఉంటే రాత్రి రెండు మూడు సార్లు లేవక తప్పదు. టామ్సులోసిన్ వంటి మందు వాడుతుంటే పడక మీది నుంచి లేవగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి తల తిరుగుతుంది. ఎత్తయిన మెట్టు, చీకటి, తెలియని నేల కలిస్తే తుంటి ఎముక విరగడానికి ఇంకేమి కావాలి? అడవి దారిలో ఒంటరిగా తుంటి విరిగిన మనిషి సెల్‌ఫోను సిగ్నలు కోసం చూస్తూ పడి ఉండవలసి వస్తుంది. అందుకే పడక మోకాలి ఎత్తు మించకూడదు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవాలి. ఆసుపత్రుల్లో వాడే మూత్రపు సీసా ఒకటి వెంట ఉంచుకోమంటే ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

పడక నుంచి బండి దిగకుండానే డ్రైవరు సీటులోకి చేరగలగాలి అన్నది నా మరో పట్టుదల. ఒంట్లో బాగులేకపోయినా, ఆగిన చోటు మంచిది కాదనిపించినా బయటికి దిగి చుట్టూ తిరిగే పని ఉండకూడదు. కొనేముందు బూట్లు విప్పి, లోపల వెల్లకిలా పడుకుని, లేచి, ముందు సీటులోకి జరిగి చూడండి. అమ్మేవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. పెద్ద బండ్లలో ఇది సులువే, కాని ఒంటరి మనిషికి వాటిని పల్లె సందుల్లో వెనక్కి తిప్పడం కష్టం. వెనుక నిలబడి రానివ్వు, రానివ్వు అనేవాడు ఉండడు.

కాగితాల మాట క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. సీట్లు తీసి పడక బిగించిన బండి అయితే ఆ మార్పు నమోదు పత్రంలో ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థ చేతులెత్తేయవచ్చు. మన జిల్లాల్లో 'ఏపీ 15' నంబరు కనిపిస్తే అది తెలంగాణ ఏర్పడక ముందు నమోదైన బండి అని అర్థం. పదిహేనేళ్ల గడువు ఎప్పుడు తీరుతుందో లెక్కవేసుకోండి.

మూడో బండి ఒక తెల్లని ఈకో. అందం లేదు, అరలు లేవు. సీట్ల మార్పును పాత యజమాని నమోదు పత్రంలో రాయించుకున్నాడు. కిటికీలు రెండు వైపులా జరుగుతాయి. కింద టార్చి వేయిస్తే లోపల చీకటిగానే ఉంది. ఆయన కొంత నిరుత్సాహపడుతూనే దానిని కొన్నారు. పిల్లలకు నేనే ఫోను చేసి, నాలుగు షరతుల మీద ఒప్పించాను: చీకటి పడక ముందే ఊరు చేరాలి, దీపం ఉన్న పెట్రోలు బంకులోనో గుడి ప్రాంగణంలోనో అడిగి ఆగాలి, ఉదయం ఏడింటికి, సాయంత్రం ఆరింటికి ఇంటికి ఫోను చేయాలి, తాను వాడే మందుల పేర్లు, పిల్లల నంబర్లు రాసిన కాగితం ముందు అద్దం పక్కన అంటించి ఉంచాలి. ఉట్నూరులో ప్రభుత్వ ఆసుపత్రి, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నాయని, ఆపదలో 108కి చేయాలని ఆయనకే కాదు, పిల్లలకూ చెప్పాను.

బయలుదేరే ముందు ఒక రాత్రి తన ఇంటి వాకిట్లోనే బండిలో పడుకోమన్నాను. మరునాడు పొద్దున్నే ఫోను చేశారు. చలి బాధించలేదట, అద్దం మీద కొద్దిగానే చెమట పట్టిందట. రాత్రి రెండు సార్లు లేచారు. సీసా వాడడానికి మనసొప్పక దిగారు. రెండోసారి చీకట్లో చెప్పులు దొరకలేదట. ఇప్పుడు తలుపు పక్కన చెప్పులకొక గూడు, దాని పైన చిన్న దీపం పెట్టించడానికి వడ్రంగిని పిలిపించారు.