కాలువకు ఎన్నిక ఉంది, విశ్వవిద్యాలయానికి లేదు
పాలక మండలిలో సిబ్బంది ప్రతినిధి మాటేమిటి?
(మా గ్రామీణ విలేఖరి)

గుంటూరు జిల్లా: 2024 డిసెంబరులో కాలువల కింద నీటి సంఘాలకు ఎన్నికలు జరిగిన సంగతి రైతులందరికీ విదితమే. కొన్ని ఊళ్లలో పోటీ జరిగింది, కొన్ని ఊళ్లలో పెద్దలు కూర్చుని ఏకగ్రీవం చేసుకున్నారు. అదెలా ఉన్నా ఓటు మాత్రం ఆయకట్టు రైతుది. ఊరి బడి కమిటీని కూడా పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకుంటున్నారు. కాని ఆ బడిలో చదివిన పిల్లవాడు డిగ్రీకి వెళ్లేసరికి, ఆ డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాన్ని ఏలే మండలిలో ఎవరూ ఎన్నుకోగా వచ్చిన సభ్యుడు ఒక్కడైనా కనిపించడు. అక్కడ పనిచేసే సిబ్బంది సైతం తమలో ఒకరిని ఎన్నుకుని పంపే వీలు లేదు.

మన జిల్లా డిగ్రీ కళాశాలలకు పట్టాలిచ్చేది 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం. దానికీ, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ వర్తించేది 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టమే. రాష్ట్రం విడిపోయిన తర్వాత తెలంగాణలోనూ ఆ చట్టమే పేరు మార్చుకుని కొనసాగింది. దాని ప్రకారం విశ్వవిద్యాలయానికి ఒక పాలక మండలి ఉంటుంది. ఉపకులపతి, ప్రభుత్వ శాఖల కార్యదర్శులు వారి వారి పదవుల రీత్యా సభ్యులు. అధ్యాపకులకు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, ప్రజా జీవితంలో పేరున్న వారికి కూడా స్థానాలున్నాయి. అయితే వీరిని ఎంపిక చేసేది ప్రభుత్వమే. గుమాస్తాలు, బంట్రోతులు, ప్రయోగశాల సహాయకులు, హాస్టలు వంటవారు, కాపలాదారులు, అంటే బోధనేతర సిబ్బంది అనేవారికి స్థానమే లేదు.

వెనుకటి పద్ధతి ఇది కాదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నెలకొన్ననాటి నుంచీ సెనేటు అనే పెద్ద సభ ఉండేది. పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులకు దానికి ఓటు ఉండేది. మారుమూల పల్లెలో ఉన్న బి.ఏ. పాసైన మనిషికి సైతం విశ్వవిద్యాలయంలో ఆ మేరకు మాట చెల్లేది. ఆ ఎన్నికలలో ముఠాలు, కులాల లెక్కలు లేవని ఎవరూ అనరు. 1991 చట్టం పాలక మండలిని నామినేషన్ల మీద నిలబెట్టింది. దానితో ముఠాలు పోయాయా అంటే, ఓటరు చుట్టూ తిరిగే ముఠా సచివాలయం చుట్టూ తిరగసాగిందని అధ్యాపక వర్గాలలో చెప్పుకుంటారు.

ఈ వ్యవహారంలో అసలు కిటుకు ఉపకులపతి ఎంపిక దగ్గర ఉంది. ముగ్గురు సభ్యుల అన్వేషణ సంఘం మూడు పేర్లు సూచించాలి, అందులో ఒకరిని నియమించాలి అని చట్టం చెబుతోంది. ఆ ముగ్గురిలో ఒకరిని ఢిల్లీలోని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ పంపుతుంది, ఒకరిని ప్రభుత్వం పంపుతుంది, మూడవవారిని పాలక మండలి పంపుతుంది. పాలక మండలి పూర్తిగా నామినేటెడ్ అయినప్పుడు మూడవ మనిషి ఎవరి మనిషి అవుతాడో వేరే చెప్పనక్కరలేదు. ఇది ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానికో అంటగట్టవలసిన మాట కాదు. అధికారంలో ఎవరున్నా ఈ చట్టం వారికి సుఖంగానే ఉంది.

దీనితో పల్లె జనానికి పనేమిటి అని అడగవచ్చు. ఫీజులు, పరీక్షలు, హాస్టలు, మార్కుల పత్రం, ఇవన్నీ ఇంటి మీదకు వచ్చే విషయాలే. ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం కిటికీ దగ్గర ఈ విలేఖరి ఒక పూటంతా నిలబడి చూడటం జరిగింది. ఒరిజినల్ డిగ్రీ కోసం తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఒక తండ్రి, ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలియక మూడు గదులు తిరిగాడు. చివరకు ఒక చిన్న గుమాస్తా దయతలచి, సంతకం చేయవలసిన పోస్టు ఖాళీగా ఉందని, కాగితాలు అక్కడే ఆగుతున్నాయని అసలు సంగతి చెప్పాడు. లోపం ఎక్కడుందో ఆ గుమాస్తాకు తెలుసు. తీర్మానం చేసే బల్ల దగ్గర అతనికి గాని, అతని తోటివారికి గాని కుర్చీ లేదు.

ఉద్యోగి మండలిలో కూర్చుంటే తన జీతం తానే పెంచుకుంటాడని ఒక వాదన ఉంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. జీతభత్యాల అంశం వచ్చినప్పుడు అతను బయటకు వెళ్లాలని నియమం పెడితే సరిపోతుంది. ఎన్నికైన సభ్యుడు సంఘం నాయకుడిలా కాక మొత్తం విశ్వవిద్యాలయం మేలు చూడాలన్నది కూడా న్యాయమే. ఒక్క ఓటుతో అతను ఏ తీర్మానాన్నీ ఆపలేడు. అయితే ఏ అంశం చర్చకు వచ్చింది, ఎవరు కాదన్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు అనేది తనను పంపిన వారికి తిరిగి చెప్పవలసిన బాధ్యత అతనికి ఉంటుంది. నామినేషన్‌పై వచ్చిన వారికి ఆ అవసరం లేదు. వారు జవాబు చెప్పవలసింది పైవారికి. సహకార సొసైటీలు 2013 ఎన్నికల తర్వాత ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలతో నడిచినప్పుడు ఈ తేడా ఏమిటో రైతులు కళ్లారా చూశారు.

ఇతర చోట్ల ఇది జరగని పని కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం కార్యనిర్వాహక మండలికి అధ్యాపకులు తమ ప్రతినిధులను ఓటు వేసి పంపుతున్నారు. కేరళ విశ్వవిద్యాలయాల సెనేట్లలో బోధనేతర సిబ్బందికీ ఎన్నికైన ప్రతినిధి ఉంటాడు. ఇంకా దూరం పోతే, బ్రిటన్‌లోని స్కాట్లాండులో 2016లో ఏకంగా చట్టమే చేశారు. అక్కడ విశ్వవిద్యాలయ పాలక మండలిలో సిబ్బంది ఎన్నుకున్నవారు ఇద్దరు ఉండాలి. అదిగాక అధ్యాపకుల సంఘం నుంచి ఒకరు, ఇతర ఉద్యోగుల సంఘం నుంచి ఒకరు, విద్యార్థుల నుంచి ఇద్దరు ఉండాలి.

మన దగ్గర పెట్టాలంటే చిక్కులు లేకపోలేదు. అధ్యాపకులకు, బోధనేతరులకు కలిపి ఒకే స్థానం ఇస్తే సంఖ్యాబలం ఉన్న వర్గమే ఎప్పుడూ గెలుస్తుంది గనుక రెండు స్థానాలు వేరుగా ఉండాలి. ఓట్ల పద్ధతి కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. 2025 ఫిబ్రవరిలో కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 1, 2, 3 అని ప్రాధాన్యం అంకెలు వేసి వచ్చాము. అదే ఇక్కడా చాలు.

అసలు చిక్కు ఓటర్ల జాబితా దగ్గర వస్తుంది. పర్మనెంటు ఉద్యోగులు రిటైరవుతుంటే ఆ పనులు కాంట్రాక్టు వారు, ఔట్‌సోర్సింగ్ వారు చేస్తున్నారు. వీరిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల వారే. ఊడ్చేదీ, వండేదీ, రాత్రి కాపలా కాసేదీ వారు. వారికి ఓటు లేకుండా ఎన్నిక పెడితే అది సగం ఎన్నికే. ఓటు ఇస్తామంటే, వారు మా ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులని అధికారులు అనవచ్చు. ఇంకొక భయం కూడా ఉంది. మండలిలో ఉపకులపతిని ప్రశ్నించిన గుమాస్తా మరునాడు ఆయన కిందనే పని చేయాలి. సీటు మార్చినా, మెమో ఇచ్చినా అడిగే నాథుడు ఉండడు. పదవీకాలంలో అతని మీద చర్య తీసుకోవాలంటే మండలి అనుమతి కావాలనే నిబంధన లేకపోతే, పోటీకి నిలబడేవారు దొరకడం కష్టం.

చట్టం మార్చవలసింది శాసనసభ. ఎమ్మెల్సీ ఎన్నికల సభలకు ఈ విలేఖరి నాలుగైదింటికి వెళ్లాడు. ఉద్యోగాల మాట, పి.ఆర్.సి. మాట, పాత పెన్షను మాట వినిపించాయి. విశ్వవిద్యాలయ పాలక మండలి ఊసు ఏ అభ్యర్థీ ఎత్తలేదు, కింద కూర్చున్న పట్టభద్రులూ అడగలేదు.