తండ్రి తుపాకియు, పరరాష్ట్రపు కుమారుడును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొక రాష్ట్రమున నివసించు తండ్రి తన తుపాకిని వేఱొక రాష్ట్రమున నివసించు కుమారునకు స్వహస్తముతో కానుకగా నీయరాదని అచ్చటి కేంద్రశాసనము విధించుచున్నది. తండ్రికిని కొడుకునకును నడుమ సర్కారునకేమి పని యని అచ్చట కొందఱు గర్జించుచున్నారు. వేలకొలది తెలుగు కుటుంబములు ఆ దేశమున కాపురముండుటచే నిది మనకును పట్టని విషయము కాదు. ఆ గర్జనను మేము మన్నింపజాలము.

శాసనము చెప్పునదేమి? 1968 అక్టోబరు 22వ తేదీన అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన ఆయుధ నియంత్రణ శాసనము ప్రకారము, లైసెన్సు లేని వ్యక్తి తనవలెనే లైసెన్సు లేని అన్యరాష్ట్రవాసికి తుపాకిని అమ్మరాదు, మార్పిడి చేయరాదు, ఊరకనైనను ఈయరాదు. చుట్టరికమునకు మినహాయింపు లేదు. అయినను కానుక నిషిద్ధము కాలేదు. అది లైసెన్సుగల వర్తకుని చేతిమీదుగా సాగవలెను, అంతియే. పిస్తోలైనచో పుచ్చుకొనువాని రాష్ట్రమందలి వర్తకుడే కావలెను. రైఫిలైనచో రెండు రాష్ట్రముల శాసనములకును లోబడి, పుచ్చుకొనువాడు స్వయముగా హాజరై, ఏ రాష్ట్రపు వర్తకునియొద్దనైనను తీసికొనవచ్చును. వర్తకుడు పత్రము పూరింపించి, ఆ మనిషి పూర్వచరిత్రమును విచారించును. తెలిసి తెలిసి యుల్లంఘించినవానికి ఐదేండ్లవఱకు ఖైదు. వేటకై కొలదిదినములు ఎరువిచ్చుటకు మాత్రము అడ్డులేదు.

ఇది నిరంకుశత్వమా? నిరంకుశత్వమెట్టిదో మనకొకరు నేర్పనక్కఱలేదు. 1878లో లిట్టను ప్రభువు మన నెత్తిన రుద్దిన ఆయుధశాసనము క్రింద దేశీయులకు లైసెన్సు, దొరలకు మినహాయింపు! చర్మపు రంగు చూచి విశ్వాసమును తూచిన శాసనమది. అయినను 1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రకటించిన పదునొకండు కోరికలలో లైసెన్సులే వలదన్న మాట లేదు. ఆత్మరక్షణకు ప్రజల యదుపునకు లోబడి లైసెన్సు లీయవలెనని మాత్రమే యున్నది. అందఱినీ ఒకే ప్రశ్న యడుగు శాసనమును, కొందఱినే అడుగు శాసనమును ఒక్క గాటను కట్టుట వివేకము కాదు.

ఆ శాసనము గాలిలోనుండి ఊడిపడలేదు. 1963లో అధ్యక్షుడు కెన్నడీని బలిగొన్న రైఫిలు చికాగో దుకాణమునుండి మాఱుపేరున తపాలాలో డల్లాసు చేరినది. 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగు, జూనులో రాబర్టు కెన్నడీ నేలకొరిగిరి. ఒక రాష్ట్రము ఎంత కట్టుదిట్టము చేసినను, పొరుగు రాష్ట్రపు తుపాకి ప్రశ్నలేకుండ సరిహద్దు దాటినచో ఆ కట్టుదిట్టమెందులకు?

ఇక కఠినమైన వ్యాజ్యమొకటి. వర్జీనియాలోని అబ్రామ్‌స్కీ యను మాజీ పోలీసు, పెన్సిల్వేనియాలోని తన బంధువు కొఱకు, పోలీసులకిచ్చు తగ్గింపు ధరకు పిస్తోలొకటి కొనెను. ఆ పెద్దమనిషి నాలుగువందల డాలర్ల చెక్కును ముందుగనే పంపియుండెను. పిస్తోలు పెన్సిల్వేనియా వర్తకుని ద్వారానే చేతులు మాఱినది. బంధువు విచారణలో నెగ్గినాడు. అయినను కొనునాడు పత్రముమీద నిజమైన కొనుగోలుదారును తానేయని వ్రాసినందులకు అబ్రామ్‌స్కీ దోషి యయ్యెను. 2014లో సుప్రీముకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి యా తీర్పునే ఖాయపఱచెను. స్కాలియా న్యాయమూర్తి భిన్నాభిప్రాయమునందు బలము లేకపోలేదు. ఇరువురును తుపాకి కర్హులే కదా! కాని ధర ముందుగా ముట్టిన పిమ్మట అది దానమెట్లగును? బేరమగును. నిజమైన కానుకకై కొనువానిని ఆ పత్రము కొనుగోలుదారునిగనే యంగీకరించుచున్నది.

మా యాక్షేపణ యంతయు వేఱొక చోటనున్నది. తండ్రి బ్రదికియుండి యిచ్చినచో విచారణ. మరణించి వీలునామా మూలమున ఇచ్చినచో, లేక వీలునామా లేకయే వారసత్వమున దిగినచో, రాష్ట్రములు దాటినను కేంద్రశాసనమునకు వర్తకుడును వలదు, విచారణయు వలదు! శిక్షపడిన వారసుడు తుపాకిని ఉంచుకొనరాదన్న నిషేధము నిలిచియే యున్నది గాని, అడుగువాడెవడు? ఒకే రాష్ట్రమున నుండు తండ్రి కొడుకుల సంగతియు నట్టిదే. కేంద్రశాసనము మౌనము వహించి రాష్ట్రములకు విడిచినది. వాషింగ్టను రాష్ట్రము 2014లో విచారణను విధించుచునే కుటుంబపు కానుకను, పినతండ్రి బిడ్డలతో సహా, మినహాయించినది. కాలిఫోర్నియా తలిదండ్రులను, తాతమనుమలను, దంపతులను మాత్రమే మినహాయించి, ముప్పదిదినములలో తెలియజేయుమన్నది. అన్నదమ్ములు అందులేరు! ఉమ్మడికుటుంబమున పెరిగిన మనకిది వింతయే. అయినను ఆ కాలిఫోర్నియా నిబంధనయే మాకు మెఱుగుగా తోచుచున్నది. ఏలయన దాఖలాయన్నదొకటి మిగులును. కాంగ్రెసు ఈ రెండు కంతలను పూడ్చవలెను గాని, ఉన్న గోడను పడగొట్టరాదు.

అచ్చటి తెలుగువారితో నొక్కమాట. పౌరసత్వము పొందిన అన్న టెక్సాసులో నుండి, హెచ్-1బి వీసాపైనున్న తమ్మునకు, లేక విద్యార్థి వీసాపైనున్న మేనల్లునకు, తుపాకి నీయదలచెననుకొందము. వేటలైసెన్సు మొదలగు కొలది మినహాయింపులు దక్క, అట్టి వీసాదారు తుపాకిని చేతబట్టుటయే నేరము. ఒకే యింట నుండి యిచ్చినను తప్పదు. తెలిసి యిచ్చినవానికిని శిక్షయే. 2022 నాటి సవరణము దానిని పదునైదేండ్లవఱకు పెంచినది. కనుక రాష్ట్రపు సరిహద్దును వెదకుటకు ముందు, అన్నగారు తమ్ముని పాస్‌పోర్టులోని వీసాను చూడవలెను.