ప్రశ్న అడిగితే దేవుడు అలుగుతాడా?

నాకు ఉద్యోగం వస్తే వేములవాడ రాజన్నకు కోడె కడతానని మా నాయనమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చి ఐదేళ్లు దాటింది. మొక్కు మాత్రం నా సెలవుల కోసం చూస్తూ అట్లనే ఉండిపోయింది. మొన్న కోరుట్ల వెళ్లినప్పుడు ఇక తప్పలేదు. దారిలో ఊరికే ఉండలేక అడిగా: "నాయనమ్మా, రాత్రుళ్లు మేలుకొని కోడ్ నేర్చుకుంది నేను. కోడె రాజన్నకెందుకు?"

ఆమె నవ్వలేదు. "పరీక్ష నువ్వు రాసినవ్ కొడుకా. రిజల్టు వచ్చేదాక నేనేం రాయాలె? నాకు చేతనైంది గదే."

చదువు పెరిగితే భక్తి తగ్గుతుందని కొందరంటారు. నిజమైన భక్తి ప్రశ్నలతో ఇంకా గట్టిపడుతుందని ఇంకొందరు. రెండూ మైకులో చెప్పడానికి బాగుంటాయి. మా ప్రాంతంలో నేను చూసింది ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు.

అసలు వేములవాడకు తర్కం కొత్తేమీ కాదు. వెయ్యేళ్ల కింద ఇది వేములవాడ చాళుక్యుల రాజధాని. సోమదేవసూరి అనే జైన ముని వాళ్ల ఏలుబడిలోనే గంగాధరలో ఉండి 959లో 'యశస్తిలక చంపువు' పూర్తి చేశాడు. ఆయన కవి మాత్రమే కాదు, తర్కంలో దిట్ట. ఏ మాటైనా ఒక కోణంలోనే నిజం, ఇంకో కోణం మిగిలే ఉంటుందని చెప్పే స్యాద్వాదం ఆయన బడి. 966లో మూడో అరికేసరి తన తండ్రి కట్టించిన జినాలయం కోసం ఆయనకు ఒక ఊరినే దానమిచ్చాడు. అంటే వాదించడం వచ్చినవాడి చేతిలోనే గుడిని పెట్టారు. ప్రశ్న, పూజ ఒకే ఇంట్లో ఉండలేవని అప్పటివాళ్లు అనుకోలేదు.

ఇప్పటివాళ్లూ అనుకోవట్లేదు. సిరిసిల్లలో మా బాబాయికి సాంచెలున్నాయి. దసరాకు వాటికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. మర్నాడు సాంచె ఆగిపోతే మాత్రం దేవుడి పటం వైపు చూడడు, పానా పట్టుకుని మోటారు కిందికి దూరతాడు. ఈ రెండు పనుల మధ్య ఆయనకు ఎన్నడూ గొడవ రాలేదు.

గొడవ ఎక్కడ వస్తుందో నాకు 2018లో తెలిసింది. సెప్టెంబర్ 11, మంగళవారం. కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జగిత్యాల వెళ్తున్న బస్సు లోయలో పడింది. బస్సులో 100 మందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. అప్పుడు నేను ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. దినాలకు వెళ్లిన చోట ఒక పెద్దమనిషి "అంజన్న కొండ మీదనే పోయిన్రు, అదృష్టవంతులు. రాత" అన్నాడు. చదువుకున్న నేను తల వంచుకుని ఊరుకున్నా. మా నాయనమ్మ ఊరుకోలేదు.

"ఏం రాత? గంతమందిని ఎందుకు ఎక్కిచ్చుకున్నరు? ఆ దారిల పెద్ద బస్సును ఎవరు పొమ్మన్నరు? గది అడగకుంట దేవుని మీద తోస్తరా?"

ఆ తర్వాత ఏడాది దాకా ఆమె కొండగట్టుకు పోలేదు. మళ్లీ పోవడం మొదలుపెట్టినప్పుడు అడిగా, దేవుడి మీద కోపం పోయిందా అని. "దేవుడు బస్సు నడపలేదు కదరా" అంది. అంతే.

అప్పటి నుంచి నాకో సంగతి అర్థమవుతూ వచ్చింది. విచారణ ఒక రకం నమ్మకాన్ని చంపుతుంది, చంపాలి కూడా. ఎవరో బాధ్యత పడాల్సిన చోట 'రాత' అని సర్దిచెప్పే నమ్మకం అది. భయంతో పుట్టిందీ, బేరంతో పుట్టిందీ కూడా ప్రశ్నకు నిలవదు. ప్రశ్నల వెంట పోయి గుడి మెట్లు ఎక్కడం మానేసినవాళ్లూ ఉంటారు. నిజాయితీగా వెతికి మానేసినవాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు.

నా సంగతే కాస్త సిగ్గుపడాల్సింది. సైన్సు చదివి నమ్మకం పోయిందని హాస్టల్లో గొప్పగా చెప్పుకునేవాణ్ని. నిజానికి నేను ఏదీ వెతకలేదు, ఎవర్నీ అడగలేదు. తీరిక లేక వదిలేసిన దానికి 'హేతువాదం' అని పేరు పెట్టుకున్నా. ఇంట్లో హేతువాది ఎవరయ్యా అంటే, అక్షరం ముక్క రాని మా నాయనమ్మే. అడగాల్సిన చోట అడిగింది, కోపమొస్తే దేవుడి దగ్గరికి పోవడమే మానేసింది, తనకు జవాబు దొరికాక వెనక్కి వచ్చింది.

వేములవాడలో టికెట్ తీసుకున్నాం. మోకాళ్ల నొప్పి వల్ల ఆమె కోడెను పట్టుకుని నడవలేకపోయింది. "నువ్వు పట్టు" అని పగ్గం నా చేతికిచ్చింది. గుడి చుట్టూ తిప్పుకొచ్చా. కట్టేశాక ఆమె రెండు చేతులెత్తి మొక్కింది. నేను మొక్కానా అని మీరు అడగొచ్చు. చేతులైతే లేచాయి. ఎవరికో ఇంకా తేల్చుకోలేదు. ఈసారి మాత్రం తీరిక చేసుకుని వెతకాలని ఉంది.