కొండకు 35 నిమిషాలు, కొట్లకు మూడు గంటలు

సెలవు దినం యాజమాన్యం దయతో వేసిన భిక్ష కాదు. వేతనంతో కూడిన సెలవులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లో ఒడంబడిక చేసిందంటే, దాని వెనుక అనేక దేశాల కార్మికుల దీర్ఘకాల పోరాటం ఉన్నది. మన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ 1956లో లభించింది. ఈ విధంగా చేతికందిన సెలవు దినం ఈనాడు ఎవరి గల్లాపెట్టెలోకి పోతున్నదో సభ్యుల దృష్టికి తేవడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

గత చలికాలంలో మేము కొన్ని కుటుంబాల వారము కలిసి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం చేరాము. మాలో ఆర్.ఎం.ఎస్. సార్టింగు అసిస్టెంట్లు, పాయింట్స్‌మెన్, ఇద్దరు గార్డులు ఉన్నారు (2022 నుంచి కాగితాల మీద వీరిని ట్రైన్ మేనేజర్లంటున్నారు; రాత్రి డ్యూటీలు మాత్రం గార్డువే). మరునాడు ఉదయం 6 గంటలకు ఒక ప్రయివేటు విహారయాత్రల సంస్థ బస్సు ఎక్కాము. గైడు సహాయంతో ఇరవికుళం జాతీయోద్యానవనాన్ని ఒక్కరోజులో సంపూర్ణంగా చూపిస్తామని వారి కరపత్రం హామీ ఇచ్చింది.

ఎర్నాకుళం నుంచి మున్నారుకు దాదాపు 130 కిలోమీటర్ల ఘాటు రోడ్డు. రానూపోనూ తొమ్మిది గంటలు రోడ్డుకే సరి. మిగిలిన సమయం ఎట్లా గడిచిందో మాలోని ఒక గార్డు అలవాటు చొప్పున నిమిషాలతో సహా రాసిపెట్టాడు. అడిమాలి దగ్గర సుగంధ ద్రవ్యాల తోట అనబడే దుకాణంలో 75 నిమిషాలు. మున్నారులో తేయాకు, చాక్లెట్లు అమ్మే కొట్టులో 50 నిమిషాలు. భోజనానంతరం మూలికా తైలాల కొట్టులో 55 నిమిషాలు. అంటే మొత్తం మూడు గంటలు. చీయప్పార జలపాతాన్ని కిటికీలోంచే చూడమన్నారు. ఉద్యానవనం ప్రవేశద్వారం చేరేసరికి మధ్యాహ్నం 2.45 అయింది. అటవీశాఖ బస్సు కోసం వరుసలో నిలిచి, రాజమల మీద కాలు పెట్టింది 3.25కు. నాలుగింటికల్లా దిగి రావాలని గైడు ఈల వేశాడు. పదిహేను గంటలకు పైబడిన యాత్రలో కొండకు దక్కినవి 35 నిమిషాలు! మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే మా విశ్రాంత సహోద్యోగి ఒకరు దారి సగంలోనే వెనుదిరగవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మా ఫిర్యాదు ఉద్యానవనం మీద కాదు. ప్రయివేటు వాహనాలను లోపలికి రానివ్వకపోవడం, సందర్శకులను రాజమల ప్రాంతానికే పరిమితం చేయడం సరి అయిన పనులే. 97 చదరపు కిలోమీటర్ల ఆ పచ్చిక కొండలలో, లోయలలోని షోలా అడవులలో వరయాడు అనే కొండమేక బతుకుతున్నది. ఆ జాతి మందలలో అతి పెద్దది అక్కడే ఉన్నది. ఆనాడు పొగమంచులో మాకు రెండే కనిపించాయి. దానికి ఎవరినీ నిందించము. వరయాడు సర్వీసు నిబంధనలకు లోబడిన ఉద్యోగి కాదు. 2,695 మీటర్ల ఆనముడి శిఖరం కూడా మబ్బు తొలగించుకొని మాకు దర్శనమివ్వవలసిన బాధ్యత ఏమీ లేదు. కాని మబ్బు తొలగేదాకా ఒక గంట కూర్చునే వ్యవధిని మాకు లేకుండా చేసింది మబ్బు కాదు, మనుషులు.

ఆ మనుషులు ఎవరు? మాలో కొందరు గైడు మీద విరుచుకుపడ్డారు. అది పొరపాటు. ఆ యువకునికి నెలజీతం లేదు. మేము కొన్న ఏలకుల మీద, తైలం సీసాల మీద కొట్లవాళ్లు ఇచ్చే కమీషనే అతని కూలి. డ్రైవరు ముందురోజు కూడా ఇదే యాత్ర చేసి వచ్చాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనిని నిర్దేశించింది. 2020 నాటి కార్మిక స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకున్నది. ఏ చట్టమూ ఆ డ్రైవరు స్టీరింగు దాకా రాలేదు. విశ్రాంతి లేని డ్యూటీ అంటే ఏమిటో రన్నింగు సిబ్బందికి మేము చెప్పనక్కరలేదు. టిక్కెట్టు చవకగా పెట్టి, ప్రయాణికులను మందలాగా కొట్లకు తోలి, ఆ కొట్ల నుంచి లాభం పిండుకొనే ఏర్పాటు ఇది. ఈ యాత్ర నిర్వహణ లోపం వల్ల చెడిపోలేదు. దాని అసలు ప్రయోజనం దృష్ట్యా చక్కగా నిర్వహించబడింది. అందులో అమ్ముడుపోయిన సరుకు మాత్రం మనమే.

ఒక్కరోజులో అంతదూరం పొమ్మని మిమ్మల్ని ఎవరు బలవంతపెట్టారని అడిగే పెద్దమనుషులున్నారు. ఖాళీలు భర్తీ చేయని స్టేషనులో, సగం సిబ్బందితో నడిచే సార్టింగు ఆఫీసులో పదిరోజుల సెలవు అడిగి చూడమని వారికి మా మనవి. నాలుగు రోజులు చేతికి వస్తే అందులో రెండు రోజులు రైలుకే పోతాయి. రైల్వే పాసు ఎర్నాకుళం ప్లాట్‌ఫారం మీద ఆగిపోతుంది. ఎల్.టి.సి.లో స్థానిక ప్రయాణాల ఖర్చు ఇవ్వరు. పాసు ఆగిన చోటనే దళారీ బస్సు కాచుకొని ఉంటుంది. ఇక గ్రామీణ డాక్ సేవకుల సంగతి సరేసరి: పూర్తికాల ఉద్యోగులు కారన్న సాకుతో ఆ నియమాలే వారికి వర్తించవు. 2020 అక్టోబరులో ప్రభుత్వం ఎల్.టి.సి.కి బదులు నగదు పథకం ప్రకటించి, ఛార్జీకి మూడింతల డబ్బుతో జి.ఎస్.టి. చెల్లించే సరుకులు కొనుక్కోమన్నది. మహమ్మారి కాలమన్న మాట నిజమే. కాని ఉద్యోగి విహారాన్ని కొనుగోలుగా మార్చే ఆలోచన ఢిల్లీలో ఒక రకంగా, అడిమాలిలో మరొక రకంగా పనిచేస్తున్నదని గమనించండి.

గైడు చెప్పినవాటి కన్న చెప్పనివి మమ్మల్ని ఎక్కువ బాధించాయి. మున్నారులో ఒకప్పుడు రైలు నడిచింది. కుండల లోయలో 1902లో ఎద్దులు లాగే ఒంటిపట్టా బండి వేశారు. 1908లో దానిని రెండడుగుల గేజి రైలుమార్గంగా మార్చారు. టాప్ స్టేషను దాకా తేయాకు పెట్టెలు మోసిన ఆ మార్గాన్ని 1924 వరదలు తుడిచిపెట్టాయి. బస్సు నిండా రైల్వే కుటుంబాలు ఉండగా ఆ మాట ఒక్కటి రాలేదు. ఈ కొండలు ఒకనాడు తెల్లదొరల వేటభూములు. కన్నన్ దేవన్ కొండల భూముల స్వాధీనానికి కేరళ ప్రభుత్వం 1971లో చట్టం చేసింది. తరువాత 1975లో ఇరవికుళం అభయారణ్యం, 1978లో జాతీయోద్యానవనం అయినాయి. ప్రజల ఆస్తి అయిన కొండ కథ ప్రజలకే చెప్పలేదు.

తేయాకు తోటలలో ఆకు గిల్లుతున్న స్త్రీలను చూపించి, ఫోటోలు తీసుకోండి అన్నాడు. ఆ స్త్రీలే 2015 సెప్టెంబరులో 20 శాతం బోనసు కోసం రోడ్డు మీద బైఠాయించి, యాజమాన్యంతో పాటు తమ సంఘాల నాయకులను కూడా నిలదీసి, బోనసు సాధించారు. (ఇది మన సంఘాల వారు కూడా మరువరాని ఘట్టం.) రాజమలకు సమీపంలోనే పెట్టిముడి ఉన్నది. 2020 ఆగస్టు 6 రాత్రి కొండచరియ విరిగి ఎస్టేటు లైన్ల మీద పడి, 70 మంది తేయాకు కార్మికులు, వారి కుటుంబసభ్యులు బలి అయినారు. వరసకు అతికించిన ఆ గదుల ఇళ్లలో తరతరాలుగా కాపురమున్నవారు వారు. ఆ పేరు బస్సులో ఎవరూ ఎత్తలేదు. చావు మాట ఎత్తితే చాక్లెట్లు అమ్ముడుపోవు కదా!

దారి లేకపోలేదు. నష్టాల సంస్థ అని అందరూ ఈసడించే కేరళ ఆర్.టి.సి. 2020లో మున్నారు డిపోలో పాత బస్సులను పడకలుగా మార్చి, బీదవారికి అందే అద్దెకు బస కల్పించింది. తరువాత బడ్జెట్ టూరిజం పేరుతో విహారయాత్రలు కూడా నడుపుతున్నది. ప్రభుత్వరంగ కార్మికులు చేసి చూపించిన పని ఇది. అందుచేత రానున్న మహాసభకు తీర్మానం ప్రతిపాదిస్తున్నాము: రైలు ఆగిన చోటు నుంచి ప్రభుత్వ రవాణా సంస్థల బస్సులకు పాసు, ఎల్.టి.సి. వర్తించాలి, గ్రామీణ డాక్ సేవకులకు ప్రయాణ రాయితీ ఇవ్వాలి, మన శాఖలు కుదుర్చుకొనే ఏ యాత్రలోనైనా గైడుకు, డ్రైవరుకు జీతం రాతపూర్వకంగా ఉండాలి, కొట్ల దగ్గర ఆగే సమయం ఎంతో ముందే తెలపాలి.

చివరిగా సభ్యులకు ఒక సూచన. వరయాడు ఈనే కాలంలో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఉద్యానవనం మూసి ఉంటుంది. ఆ నెలలకు కూడా ఇరవికుళం చూపిస్తామని అడ్వాన్సులు అడిగే కరపత్రం ఏదైనా మీ చేతికి వస్తే డబ్బు కట్టకండి. ఆ కరపత్రాన్ని మీ శాఖా కార్యదర్శికి అందజేయండి.