ప్లగ్గు బిగువు

బిగించడమంటే మనవాళ్ళకు మహా ప్రీతి. ఆవకాయ జాడీకి వాసెన కడితే ముడి ఎవరి గోటికీ అందగూడదు. కుళాయి కట్టేవాడు దాని మెడ విరిచినంత పనిచేస్తేగాని నీళ్ళు ఆగినట్టు నమ్మడు. ఊరికి పోయేముందు తాళంకప్పను నాలుగుసార్లు గుంజి చూడనిదే ఇంటి యజమాని గడప దిగడు. ఎంత బిగువైతే అంత భద్రమన్నది మన గృహసూత్రం. ఇంట్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. మహా అయితే కుళాయి వాషరు తొందరగా అరుగుతుంది. కాని ఇదే సూత్రాన్ని కారు ఇంజనులోని స్పార్క్ ప్లగ్గు దగ్గరకు తీసుకుపోయామా, వందల్లో తేలే పని వేలల్లోకి పోతుంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ప్లగ్గుల గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. కారణం లేకపోలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మాబోటి ఉద్యోగస్థుల గుమ్మాల ముందుండే కార్లలో, ఒకరి చేతిలో తిరిగి తిరిగి మన చేతికి వచ్చినవి చాలానే ఉంటాయి. దేవరకొండలో పెళ్ళికీ, జడ్చర్లలో గృహప్రవేశానికీ, అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైల దర్శనానికీ వాటిమీదనే ప్రయాణం. మన్ననూరు దాటితే అమ్రాబాద్ అడవి. పులులను కాపాడే అడవి గనుక రాత్రివేళ ఆ దారిన రాకపోకలు ఆపుతారు. పొద్దు వాలుతుండగా ఆ ఎత్తు ఎక్కుతూ ఇంజను దగ్గి ఆగిపోయిందనుకోండి. వెనక సీట్లో వేళకు మందు పడవలసిన అత్తగారూ, ఒళ్ళో పసిబిడ్డా ఉన్నవారికి అది మిస్త్రీ సమస్యగా తోచదు, సంసార సమస్యగానే తోస్తుంది.

ఇంతకూ ఈ ప్లగ్గు చేసే పని ఏమిటి? పెట్రోలు ఇంజనులో సాధారణంగా సిలిండరుకు ఒకటి చొప్పున ఉంటుంది. స్కూటరుకు ఒకటే. డీజిలు బండికి దీనితో పని లేదు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి లోపల అదిమి ఉన్న సమయానికి ఇది వేల వోల్టుల నిప్పురవ్వను పుట్టిస్తుంది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ కార్ఖానా ఇంజనీరు గాట్లాబ్ హొనాల్డ్, అధిక వోల్టేజి మాగ్నెటోతోపాటు పనికివచ్చే ప్లగ్గును తయారుచేసినప్పటి నుంచి దీని దశ తిరిగింది. మనదేశంలో ఆ సంస్థకు సంబంధించిన మైకో కంపెనీ 1951లో వెలిసింది. 2008లో అది బాష్ అని పేరు మార్చుకుంది.

రవ్వ పుట్టించడం అందరికీ తెలిసిన పనే. చాలామందికి తెలియనిది రెండో పని. మంటలో ఉండే కొన నుంచి వేడిని బయటికి తరలించాలి. ఆ వేడి పింగాణీలోంచి ప్లగ్గు ఇనుప ఒంటికీ, అక్కడినుంచి మరచుట్ల ద్వారా, వాషరు ద్వారా సిలిండరు హెడ్డులోకీ పోతుంది. హెడ్డును నీళ్ళు చల్లబరుస్తాయి. కాబట్టి బిగువంటే ప్లగ్గు ఊడిపోకుండా పట్టి ఉంచడం ఒకటే అనుకోగూడదు. అది వేడి పోయే బాట. ప్లగ్గు వదులైతే బాట తెగుతుంది. కొన ఎర్రగా కాగి, రవ్వ రాకముందే పెట్రోలును అంటిస్తుంది. అదను తప్పిన మంట పిస్టనునే కాల్చగలదు. పైపెచ్చు సందులోంచి గాలి జారి బండి బలం తగ్గుతుంది.

మరి గట్టిగా బిగిస్తే సరి అంటారా? అక్కడే ఉంది తిరకాసు. అతిగా బిగిస్తే ప్లగ్గు ఒళ్ళు సాగి, లోపలి పింగాణీ పట్టు సడలుతుంది. ఆ బాటే మళ్ళీ చెడుతుంది. పింగాణీ చిట్లవచ్చు. అన్నిటికంటె పెద్ద నష్టం, హెడ్డులోని మరలు తెగిపోవడం. మన మిస్త్రీల మాటలో 'చూడీ పోవడం'.

ఇందులో కాలం తెచ్చిన మార్పు కూడా ఉంది. 1950ల చివర వచ్చిన అంబాసిడర్ కారు పాత పెట్రోలు ఇంజనుకు పోత ఇనుప హెడ్డు. మొరటు చేతికి కూడా చాలావరకు ఓర్చుకునేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు మూడు సిలిండర్లు, అల్యూమినియం హెడ్డు. 2000లో వచ్చిన ఆల్టోదీ అల్యూమినియమే. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. కాని ఇనుము మీద నేర్చిన చేతివాటం మాత్రం గురువు నుంచి శిష్యుడికి దిగుతూనే ఉంది.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకరు పాత మారుతి కొన్నారు. ప్లగ్గులు మార్పిద్దామని విప్పిస్తే, రెండో ప్లగ్గుతోపాటు అల్యూమినియం మరచుట్టు కూడా వెండితీగలాగా మెలికలు తిరిగి బయటికి వచ్చింది. పెద్ద వయసు ఉస్తాదు ఒకాయన దాన్ని వేలిమీద వేసుకుని చూశాడు.

"పానాకు పైపు తొడిగి తిప్పిండు సార్ ఎవడో. ఇది ఇనుము గాదు, మెత్తటి లోహం. బలం జూపితె ఊకుంటదా?" అన్నాడు.

"మరి ఏంచేద్దాం, ఉస్తాద్?"

"హెడ్డు దించాలె. దించకుంట మరలు కోస్తె పొడి అంత లోపల రాల్తది. బొక్క పెద్దగ జేసి ఉక్కు చుట్టు కూసోవెడ్త. రెండు దినాలు వడ్తది సార్."

హెడ్డు గాస్కెట్ కొత్తది, కూలి, ఆ రెండు రోజుల ఆటో ఖర్చులు. ఎవరో అరనిమిషం చూపిన బలానికి ఇదంతా వెల.

సరైన పద్ధతి చెబుతాను. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడిమీద అల్యూమినియం మరలు సులభంగా చెడతాయి. విప్పకముందే ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ఊదాలి. మన చెల్కనేలల ఎర్రదుమ్ము లోపలికి రాలితే సిలిండరులో ఆకురాయిలా గీస్తుంది. తీగలు తారుమారు గాకుండా ఒక్కొక్క ప్లగ్గునే విప్పి బిగించుకుంటూ పోవాలి. కొత్తదాని కొనల మధ్య ఎడం చూడాలి. బండినిబట్టి అది సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇరిడియం కొన ఉన్నవాటిని మాత్రం కదపవద్దు. ఆ కొన చాలా సున్నితం. మరలకు గ్రీజు పూయడం కొందరి అలవాటు. పూత పూసి వచ్చే నేటి ప్లగ్గులకు అది వద్దని తయారీదారులే చెబుతారు. జారుడువల్ల తెలియకుండానే బిగువు మితిమీరుతుంది.

ఇక ఎక్కించడం. పానా పక్కన పెట్టండి. ప్లగ్గు తలకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి వేళ్ళతో తిప్పండి. మర వంకరగా పడితే గొట్టం జారిపోతుంది, మరలు బతుకుతాయి. తేలికగా తిరిగి, వాషరు హెడ్డుకు ఆనేదాకా వేళ్ళతోనే పోవాలి. మొదటి చుట్టులోనే మొరాయిస్తే వెనక్కు విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

అక్కడినుంచి పానా. ఎంత తిప్పాలో గడియారం పెట్టి చెప్పవచ్చు. కొత్త వాషరున్న ప్లగ్గయితే చాలావాటికి 12 నుంచి 6 దాకా, లేదా 8 దాకా. అంటే అర చుట్టు, మూడింట రెండు వంతుల చుట్టు. తయారీనిబట్టి ఇది మారుతుంది గనుక డబ్బామీది బొమ్మ చూసుకోవాలి. ఒకసారి వాడిన ప్లగ్గునే మళ్ళీ పెడితే వాషరు అప్పటికే అణిగి ఉంటుంది. 12 నుంచి 1 దాకా చాలు. వాషరు లేకుండా శంఖాకారపు అంచు ఉన్నవాటికి అంతకన్నా తక్కువే. బిగువు కొలిచే పానా దొరికితే మరీ మంచిది. 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. పావు మీటరు పొడుగు పానా చివర 10, 12 కిలోల బరువు వేలాడితే ఎంతో, అంత. 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దానిదే తుదిమాట.

విప్పిన పాత ప్లగ్గును వెంటనే పారేయవద్దు. వైద్యుడు నాలుక చూసినట్టు దాని కొన చూడండి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ పోతున్నది. నూనె జిడ్డు ఉంటే లోపలికి ఆయిలు దిగుతున్నది. తెల్లబడి పొక్కులు లేస్తే అతిగా కాగింది; బహుశా ప్లగ్గు వదులై ఉండవచ్చు.

ఈ పని మనమే చేసుకోవాలని నేననడం లేదు. చేయించుకునేటప్పుడు దగ్గర నిలబడితే చాలు. "బాబూ, ముందు చేత్తో తిప్పు" అని ఒక్కమాట అనండి. పైపు తొడగబోతే వద్దనండి. అయితే ఇందులో మన పాలు కూడా ఉందని మరవరాదు. వస్తువు వెల కిక్కురుమనకుండా ఇచ్చి, కూలి దగ్గర బేరమాడేది మనమే. కాలేజీకి వేళయిందని మణికట్టు గడియారం చూపి ఆ కుర్రవాణ్ణి తొందరపెట్టేదీ మనమే. వేళ్ళతో ఎక్కించడానికి ప్లగ్గుకు ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. మూడు ప్లగ్గులకు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ అతనికి ఇవ్వండి. వాటికి కూలి కూడా ఇవ్వండి.