స్లిప్పు మీద ఎవరి పేరుంది?

కొత్త ఆఫర్ వస్తే మనం ముందు చేసే పని రేటింగ్ చూడటం. గ్లాస్‌డోర్, అంబిషన్‌బాక్స్ తెరిచి మేనేజర్లు ఎలాంటోళ్లు, హైక్ ఎంతిస్తారు, నైట్ షిఫ్టులున్నాయా అని చదువుతాం. మరి మన విజయనగరం, శ్రీకాకుళం ఫ్యాక్టరీల గురించి ఎవరు రాస్తారు? గరివిడిలో ఫర్నేస్ దగ్గర చెమటోడ్చిన మనిషి షిఫ్ట్ దిగాక ఫోన్ తీసి స్టార్లు ఇవ్వడు. ఆయన రివ్యూ టీ కొట్టు దగ్గర మాటల్లోనే అయిపోతుంది.

ఈ ఫ్యాక్టరీల సరుకు మనం షాపులో కొనం. కొనేది ఇంకో ఫ్యాక్టరీ, లేదంటే సర్కారు. ఇక్కడి ఫెర్రో మాంగనీస్ స్టీల్ ప్లాంట్లకి పోతుంది, ఉక్కుకి గట్టిదనం ఇస్తుంది. జూట్ మిల్లు గోనె సంచుల్లోకి ధాన్యం ఎక్కుతుంది. పైడిభీమవరంలో తయారయ్యే మందుల ముడిసరుకు ఎక్కడో మాత్రలుగా మారి మనింటికొస్తుంది.

అందుకే ఇక్కడి ఉద్యోగి అనుభవాన్ని సగం బయటి లెక్కలే నిర్ణయిస్తాయి. ఒక టన్ను ఫెర్రో మాంగనీస్‌కి దాదాపు 3 వేల యూనిట్ల కరెంటు కావాలి. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇల్లు దాంతో 20 నెలలు గడుస్తుంది. 2022లో మన రాష్ట్రంలో పరిశ్రమల కరెంటు సుంకం యూనిట్‌కి 6 పైసల నుంచి రూపాయికి పెరిగింది. అంటే ఆ ఒక్క మార్పుతోనే టన్నుకి 2,800 రూపాయల పైన భారం. ఓనరు లెక్క చూసుకుని ఫర్నేస్ ఆపేస్తాడు. ఆగిన ఫర్నేస్ ముందు మిగిలేది కూలీ.

జూట్‌ది ఇంకో కథ. ఆహార ధాన్యాలకి గోనె సంచులే వాడాలని 1987 చట్టం ఒకటుంది కాబట్టి ఆర్డర్లు కొంత నిలిచాయి. అయినా ముడిసరుకు ధర పెరిగితే, ప్లాస్టిక్ సంచి పోటీకొస్తే మిల్లు గేటుకి తాళం పడుతుంది. చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్ అయింది. నెల్లిమర్లలో ఎన్నిసార్లు మూశారో, ఎన్నిసార్లు తెరిచారో పాత కార్మికులు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు.

ఇక మా మావయ్య సంగతి. ఆయన ఇలాంటి ఒక ఫ్యాక్టరీలో (పేరు వద్దులెండి) 2008 నుంచి 2021 దాకా ఫర్నేస్ దగ్గర పనిచేశాడు. బాటిల్‌లో చోడి అంబలి పట్టుకెళ్లేవాడు. పని గురించి అడిగితే వేడి గురించి తక్కువ, తోటివాళ్ల గురించి ఎక్కువ చెప్తాడు. ఒకడికి కళ్లు తిరిగితే ఇద్దరు పరిగెత్తేవారట. దానికి నేనైతే ఐదు స్టార్లు ఇస్తాను.

పోయినేడాది ఆయన పీఎఫ్ పాస్‌బుక్ నా ఫోన్‌లో తెరిచాం. సర్వీసు 6 ఏళ్లే చూపించింది.

"పదమూడేళ్లు అదే పొయ్యి కాడ నిలబడ్డాను కదా అల్లుడూ, ఆరేళ్లే అంతాదేటి?" అన్నాడు.

ఫర్నేస్ ఒకటే, గేటు ఒకటే. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు. 2014లో యూఏఎన్ రాకముందు ఒక్కో కాంట్రాక్టరు దగ్గర ఒక్కో పీఎఫ్ నంబరు. మొదటి 3 ఏళ్లు కలిపించగలిగాం, మొత్తం 9 అయింది. మధ్యలో 4 ఏళ్ల ఖాతాలో ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా. సరిచేసి సంతకం పెట్టాల్సిన కాంట్రాక్టరు ఎప్పుడో దుకాణం కట్టేశాడు. పీఎఫ్ పెన్షన్‌కి 10 ఏళ్ల సర్వీసుండాలి. గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో కాగితం పెట్టి, ఇప్పుడు పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. 58 ఏళ్లు నిండాక నెలనెలా డబ్బొస్తుందా రాదా అన్నది ఆ ఒక్క అక్షరం మీద ఆగింది.

ఐటీఐ, డిప్లొమా చేసి ఈ ప్లాంట్లలో చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇదే. గేటు మీద బోర్డు చూసి మురిసిపోకండి, జీతం స్లిప్పు మీద ఎవరి పేరుందో చూడండి. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు అక్షరం అక్షరం కలవాలి. కాంట్రాక్టరు మారినా పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తీసుకోకండి. జీతం 21 వేల లోపుంటే ఈఎస్ఐ కార్డు అడగండి. ఇంకోటి, కాంట్రాక్టరు పీఎఫ్ కట్టకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది. చాలామందికి ఇది తెలీదు, తెలిసినవాళ్లు చెప్పరు.

మీ ఇంట్లో ఫ్యాక్టరీకి వెళ్లే నాన్నో, మావయ్యో, అక్కో ఉంటే ఈ ఆదివారం ఉమంగ్ యాప్‌లో వాళ్ల పాస్‌బుక్ తెరవండి. జమ ఎంతుందో తర్వాత చూడొచ్చు. ముందు పక్కన కూచోబెట్టుకుని ఏళ్లు లెక్కపెట్టండి.